ఉమ్ము పరీక్ష కంటే ముందు ప్యాకెట్ వెనక నంబర్లు చూడండి

మీ బాబుకు తొమ్మిదేళ్లు, బరువు 44 కిలోలు. లాలాజలంలో ఫాస్ఫేట్ (ఫాస్ఫరస్ ఉండే లవణం) ఎంతుందో చూస్తే ఊబకాయం సంగతి ముందే తెలుస్తుందట, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు అని అడిగారు. రెండేళ్ల కిందట నేనూ ఇదే ప్రశ్నతో మా పెద్దాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానండి. మేం కువైట్‌లో ఉంటాం.

మీరు చదివింది ఉత్తిదేం కాదు. అమెరికాలోని ఫోర్సిత్ సంస్థ పరిశోధకులు ఊబకాయం ఉన్న పిల్లల ఉమ్ములో ఫాస్ఫేట్ ఎక్కువగా ఉందని 2013లో రాశారు. వాళ్లే ఇక్కడి వాళ్లతో కలిసి కువైట్ బడుల్లో పదేళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా దగ్గర ఉమ్ము సేకరించారు. సూది గుచ్చే పని లేదు కాబట్టి అంతమందిని చూడగలిగారు. కానీ మా డాక్టరుగారు ఒక్క మాటే అన్నారు: "అది వేలమందిని పోల్చడానికి పనికొస్తుంది, మీవాడొక్కడి సంగతి తేల్చదు." ఎందుకంటే ఉమ్ము నెమ్మదిగా ఊరినప్పుడు అందులో ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటుందట, బాగా ఊరితే తగ్గుతుందట.

ఆయన టేపుతో నడుము కొలిచారు, బీపీ చూశారు, తర్వాత కాలరు వెనక్కి లాగి మెడ చూశారు. అక్కడ నల్లగా, మందంగా చారలు. నేను అది మట్టి అనుకుని ఆదివారం ఆదివారం సున్నిపిండితో రుద్దేదాన్ని, వాడు మంట అని ఏడ్చేవాడు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు అని చెప్పారు. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షుగరు, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు రాశారు.

ఇక ఫాస్ఫేట్. ఈ మాట మా ఇంట్లోకి నాన్న డయాలసిస్‌తో వచ్చింది. కిడ్నీలు పాడైతే ఫాస్ఫేట్ ఒంట్లోనే పేరుకుంటుంది కాబట్టి, ఆయన కోసం ప్యాకెట్ల వెనక, కలిపిన పదార్థాలకు వేసే నంబర్లు చదవడం నేర్చుకున్నాను. ఒకరోజు మావాడి టిఫిన్ బాక్సులో చీజ్ స్లైసు పెడుతూ అలవాటుగా కవరు తిప్పితే 339, 452. నాన్నకు వద్దన్నదే వీడికి రోజూ పెడుతున్నాను!

338 నుంచి 343 వరకు, 450, 451, 452: ఇవన్నీ ఫాస్ఫేట్లే. (331 కాదు, అది సిట్రేట్.) కోలాలో 338, నగ్గెట్స్‌లో 450, 451 కనిపిస్తాయి. ఇలా కలిపిన ఫాస్ఫేట్ దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పప్పులు, గింజల్లో ఉన్నది సగం వరకే పడుతుంది. అందుకని పాలు, గుడ్లు, పప్పు మాన్పించకండి, ఎదిగే పిల్లల ఎముకలకు అవి కావాలి.

నా మటుకు, లావుకు అసలు కారణం ఫాస్ఫేట్ అని నేననను. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో చక్కెరే 35 గ్రాములు. కానీ ఆ నంబర్లున్న ప్యాకెట్లు ఇంట్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, పిల్లాడు ఏం తింటున్నాడో తెలిసిపోతుంది. మా ఇంట్లో ఒక్క వారంలో 14 తేలాయి. ముందు కోలా ఆపాం, తర్వాత స్లైసులు. బాక్సులోకి పెసరట్టు, ఉడికించిన గుడ్డు వచ్చాయి. ఏడాదిలో వాడు 6 సెంటీమీటర్లు పొడుగయ్యాడు, బరువు ఒక్క కిలోనే పెరిగాడు.

మీరు రేపు పొద్దున్నే బాబు నడుము కొలవండి. అది ఎత్తులో సగం దాటినా, మెడ వెనక నలుపు ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆ నలుపును మాత్రం రుద్దకండి.