వేరియబుల్ మార్చకుండా లెక్క ఎలా నడుస్తుంది?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జావా, పైథాన్ వచ్చు. హాస్కెల్ మొదలుపెట్టాను కానీ వేరియబుల్ మార్చకూడదనేసరికి చిన్న కౌంటర్ కూడా రాయలేకపోతున్నాను. స్ట్రీమ్స్, స్టేట్ మొనాడ్ చూస్తే టెన్షన్ వస్తోంది. దీన్ని వదిలేసి ఉద్యోగానికి పనికొచ్చేది చదువుకోనా?

జవాబు: హాస్కెల్‌ని వదలకండి. మొనాడ్‌ని మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీకు బుర్ర లేక కాదు, పాఠాల వరస తప్పడం వల్ల ఆగిపోయారు.

హాస్కెల్ లాంటి భాషల్లో చేసే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో స్టేట్ (ప్రోగ్రామ్ గుర్తుంచుకునే, మారుతూ పోయే విలువ) ఉండకూడదని ఎవరూ అనరు. చాటుగా మార్చొద్దంటారు, అంతే. ఒక ఖాతా ఉందనుకోండి. మొదట సున్నా. 100 వేశారు, 30 తీశారు, మళ్లీ 50 వేశారు. పైథాన్‌లో అయితే లూప్ పెట్టి ఒకే వేరియబుల్‌ని మూడుసార్లు దిద్దుతారు, దిద్దినప్పుడల్లా పాత అంకె పోతుంది. ఇప్పుడు పాత బ్యాలెన్సూ ఒక లావాదేవీ తీసుకుని కొత్త బ్యాలెన్స్ ఇచ్చే ఫంక్షన్ రాయండి. దానికి 0, 100 ఇస్తే 100 వస్తుంది. ఆ 100తో పాటు మైనస్ 30 ఇస్తే 70. ఆ 70కి 50 కలిపి ఇస్తే 120. ఇక్కడ ఏ అంకెనూ చెరపలేదు, చేతులు మారిందంతే. ఇలా అందించుకుంటూ పోయేదే ఫోల్డ్. మీకు తెలిసిన జావా, పైథాన్‌లలో దీని పేరు రెడ్యూస్.

చివరి 120 ఒక్కటే కాదు, దారిలో వచ్చిన 0, 100, 70, 120 అన్నీ కావాలంటే హాస్కెల్‌లో స్కాన్ఎల్ (scanl) అనే ఫంక్షన్ ఉంది. ఆ అంకెల వరసను కాస్త ఆగి చూడండి. లూప్‌లో ఒకదాని మీద ఒకటి చెరిగిపోయిన విలువలే ఇక్కడ పక్కపక్కన నిలబడ్డాయి. స్ట్రీమ్ అంటే ఇదే. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ లాండిన్ 1965లోనే ఈ మాట వాడారు, కాబట్టి ఇదేదో నిన్నటి ఫ్యాషన్ అనుకోకండి.

హాస్కెల్‌కి బద్ధకం ఎక్కువ, అడిగేదాకా లెక్క చేయదు. అందుకే అంతులేని జాబితా రాసి టేక్ 5 (మొదటి అయిదు ఇవ్వు) అంటే అయిదే ఇచ్చి ఊరుకుంటుంది. ఈ బద్ధకమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. ఆప్టిమైజేషన్ లేకుండా పెద్ద జాబితా మీద ఫోల్డ్ఎల్ (foldl, ఎడమ నుంచి నడిచే ఫోల్డ్) వాడితే కూడికలన్నీ చేయకుండా మెమరీలో పోగేసి పెడుతుంది. అక్కడ ఎప్పటికప్పుడు కూడేసే ఫోల్డ్ఎల్ ప్రైమ్ (foldl') వాడాలి. ఇంకో తికమక: 2014లో జావా 8తో వచ్చిన స్ట్రీమ్‌ని ఒకసారి వాడాక మళ్లీ వాడబోతే ఎర్రర్ ఇస్తుంది. హాస్కెల్ జాబితాకి ఆ గొడవ లేదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకోకండి.

ఇక స్టేట్ మొనాడ్. ముందు అది లేకుండా మూడు పాచికలు వేసే ప్రోగ్రామ్ రాయండి. మీ ఫంక్షన్ ఒక సీడ్ (పాచిక అంకెను పుట్టించడానికి వాడే సంఖ్య) తీసుకుని పాచిక అంకెనూ కొత్త సీడ్‌నూ జంటగా తిరిగివ్వాలి. సీడ్1, సీడ్2, సీడ్3 అంటూ చేత్తో మోసుకెళ్లండి. ఎక్కడో ఒకచోట పొరపాటున సీడ్1నే మళ్లీ ఇస్తారు, అదే అంకె రెండోసారి పడుతుంది. ఆ చిరాకు ఒకసారి పడాలి. ఆ సీడ్‌ని మీ బదులు మోసేదే స్టేట్ మొనాడ్.

ఉద్యోగం సంగతికొస్తే, అచ్చంగా హాస్కెల్ అడిగే ఉద్యోగాలు తక్కువే, అందులో దాపరికం లేదు. కానీ వెబ్ యాప్‌ల స్టేట్‌ని చూసుకునే రిడక్స్ అనే లైబ్రరీలో రిడ్యూసర్ అంటే పాత స్టేట్, యాక్షన్ తీసుకుని కొత్త స్టేట్ ఇచ్చే ఫంక్షన్. మీ ఖాతా లెక్కే కదా! పెద్ద డేటా పనుల్లో వాడే స్పార్క్ కూడా, ఫంక్షనల్ పద్ధతిలో రాయడానికి వీలిచ్చే స్కాలా భాషలో రాసిందే. ఇంటర్వ్యూలో మొనాడ్ నిర్వచనం అప్పజెప్పడం కన్నా, ఒకే లెక్కను లూప్‌తోనూ ఫోల్డ్‌తోనూ రాసి, ఏది ఎప్పుడు నయమో చెప్పగలగడం ఎక్కువ పనిచేస్తుంది. కొన్నిచోట్ల లూపే నయం, ఆ మాట కూడా మొహమాటపడకుండా చెప్పండి.

ఈ వారం ఖాతా, వచ్చే వారం పాచికలు. పాచికల కోడ్ చేత్తో రాశాక కూడా మొనాడ్ తలకెక్కకపోతే, ఆ కోడ్‌ని జతచేసి మళ్లీ రాయండి. ఏ లైను దగ్గర ఆగారో చూసి చెబుతాను.