అమ్మాయికి ఫైర్ ఇంజినీరింగా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. కొచ్చి కుసాట్‌లో (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ) సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ బీటెక్ చదివి, భవనాలకు అగ్నిప్రమాద ముప్పు అంచనా వేసే పని చేస్తానంటోంది. ఆడపిల్లకు మంటలతో పనేంటని ఇంట్లో గొడవ. ఇక్కడే ఆర్నెల్ల ఫైర్ సేఫ్టీ డిప్లొమా చేయిస్తే చాలదా? రెంటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరడిగింది కోర్సుల తేడా. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం రేపు సంబంధాలు వస్తాయో రావోనన్న బెంగ. అబ్బాయి అడిగుంటే ఈ గొడవ జరిగేదా? కాస్త ఆలోచించండి.

ఆ పని మంటలు లేనప్పుడు చేసేది. చేతిలో బిల్డింగ్ ప్లాను, టేపు. మెట్ల వెడల్పెంత, టెర్రస్ తలుపుకి తాళముందా, సెల్లార్‌లో కార్లున్నాయా సరుకుందా, సందులోకి ఫైరింజన్ వస్తుందా అని చూసి, ముందు ఏది సరిచేయాలో రాసివ్వాలి. భవనాల ప్రమాణాలు చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో అగ్ని భద్రత గురించిన నాలుగో భాగమే ఆధారం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ అగ్నిప్రమాదంలో 8 మంది పోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పొగంతా మెట్లమీదుగా పైకి. 2025 మేలో హైదరాబాద్ చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో 17 మంది. లోపలికి ఇరుకు దారి, పైకి ఒక్కటే మెట్లు. ముందే ఒకసారి తిరిగి చూస్తే కంటబడేవే ఇవన్నీ.

డిప్లొమా అంటే నాకు గురి తక్కువ, దాచను. ‘గల్ఫ్‌లో గ్యారంటీ జాబ్’ అని ఫ్లెక్సీలు కడతారు. అక్కడి కంపెనీలు అనుభవం అడుగుతాయి. చేసినవాళ్లు చాలామంది మంటలార్పే సిలిండర్లు రీఫిల్ చేసే ఏజెన్సీల్లోనే ఆగిపోతున్నారు. తప్పుడు పనేం కాదు, కానీ మీ అమ్మాయి అడిగింది అది కాదుగా. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరవ్వాలన్నా ప్రభుత్వ గుర్తింపున్న డిప్లొమానే చెల్లుతుంది. ఆ గుర్తింపు కాగితం చూపించమనండి, సగం మంది మాట మారుస్తారు.

బీటెక్ మీదా అనుమానాలున్నాయి. కొన్ని కన్సల్టెన్సీలకు కావాల్సింది తనిఖీ కాదు, ఫైర్ శాఖ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఫైలు కదలడం. అక్కడ చేరితే ఫారాలు నింపడమే వస్తుంది. బీమా సంస్థల రిస్క్ ఇన్‌స్పెక్షన్, రిఫైనరీలు, పెద్ద ఆస్పత్రులు నయం. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితురాళ్లకంటే తక్కువే ఉండొచ్చు. ఆ పోలిక ఇంట్లో మీరు తేకండి.

ఎంట్రన్సుల సంగతి మీకంటే అమ్మాయికే బాగా తెలిసుంటుంది, వదిలేస్తున్నా. కొచ్చిలో సీటు రాకపోతే ఇక్కడే సివిల్లో చేర్చండి, తర్వాత ఇటు రావచ్చు. డిప్లొమాకి అడ్వాన్సు కట్టేసుంటే మాత్రం రేపే వెళ్లి వెనక్కి అడగండి.