సీసా మూత తీసే ముందు

సుమా,

నిన్న మీ అమ్మతో ఫోనులో మాట్లాడినప్పటినుంచి మనసు కుదురుగా లేదు. జుట్టు రాలుతోందని ఆఫీసులో దాచకుండా చెప్పావట, జడ కత్తిరించి భుజాల వరకే ఉంచుకున్నావట. ఆ ధైర్యం నాకెప్పుడూ లేదు, విని పొంగిపోయాను. కానీ వైద్యులెవరికీ చూపించకుండానే ఆదివారం నుంచి జుట్టు పెరగడానికి తలకు రాసే మందు, ఆ మినాక్సిడిల్, మొదలుపెడతావట. అది విన్నాక నిద్ర పట్టలేదు.

మూడు నెలల కిందట వారం పాటు మంచం దిగనివ్వని జ్వరం వచ్చింది కదా నీకు? అలాంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లకొద్దీ రాలడం ఉంది. చాలామందికి సుమారు ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. నీది అదే అయితే ఆ సీసాతో పనే లేదు. పాపిట వెడల్పవుతుంటే కథ వేరు, నాణెమంత గుండ్రటి ఖాళీ పడితే మరీ వేరు. ఏదో తేలకముందే మందేమిటి తల్లీ? ఇనుము నిల్వలకూ థైరాయిడ్‌కూ రక్తపరీక్ష చేయించు. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే వైద్యులకు ముందే చెప్పు, అవి థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

ఎందుకింత కసురుతున్నానో నీకు తెలియదు. మీ అమ్మకూ సగమే తెలుసు.

నాకు 52 ఏళ్లప్పుడు కనుబొమలు పలచబడ్డాయి. వయసు అనుకుని పెన్సిలు కొన్నాను. చెయ్యి అలవాటు పడ్డాక రెండు గీతలకు నిమిషం కూడా పట్టేది కాదు. తర్వాత నుదుటి అంచున దురద, మంట. నుదురు పైకి జరుగుతున్నట్టు అనిపిస్తే జుట్టు ముందుకు దువ్వి కప్పేశాను. ఒకరోజు నా ఒళ్లో కూర్చుని, "పెద్దమ్మా, నీ కనుబొమ చెరిగిపోయింది" అని వేలు పెట్టి చూపించావు. ఎనిమిదేళ్ల పిల్లవు. ఎంత గట్టిగా కసిరానంటే ఏడుస్తూ లేచిపోయావు. నీ ఏడుపు చూసైనా అద్దంలో సరిగ్గా చూసుకోవలసింది. చూసుకోలేదు, మళ్లీ గీసుకున్నాను. అలా రెండేళ్లు.

చివరికి ఒక చర్మవైద్యురాలు నుదుటి అంచున చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపేషియా అన్నారు. జుట్టు కుదుళ్ల చుట్టూ వాపు వచ్చి, అక్కడ మచ్చకడుతుంది. మచ్చకట్టిన కుదురు ఇక మొలవదు. "ఉన్నదాన్ని కాపాడుకుందాం, పోయింది రాదు" అన్నారు. ఈ జబ్బులో చాలామందికి కనుబొమలే ముందు పోతాయట. అంటే నేను పెన్సిలు కొన్న రోజుకే అది తన పేరు చెప్పింది, నేనే దాని మీద గీత గీశాను.

నీకూ అదే వచ్చిందని కాదు. అది ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్లకు వచ్చేది. అయినా నువ్వు పంపిన ఫొటోను పెద్దది చేసి నీ నుదురు ఎన్నిసార్లు చూశానో! మంట ఉన్నా, నొప్పి ఉన్నా, చర్మం నున్నగా మెరుస్తున్నా ఒక్క వారం కూడా ఆగకు.

మినాక్సిడిల్ వాడమని వైద్యులే అంటే వాడు. మొదటి కొన్ని వారాల్లో ఇంకా ఎక్కువ రాలవచ్చు, బెదిరి ఆపేయకు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆపేస్తే వచ్చింది మళ్లీ పోతుంది. గర్భం ఆలోచన ఉంటే వాళ్లకు ముందే చెప్పు. అన్నట్టు, నీ పిల్లి! ఆ మందు నాకితే దాని ప్రాణానికే ముప్పు, నీ తలగడ మీద పడుకోనివ్వకు.

రాలిన వెంట్రుకలను లెక్కపెట్టి కాగితంలో చుట్టి దాస్తున్నావట. వద్దమ్మా. రోజుకు 50 నుంచి 100 వరకు అందరికీ రాలుతాయి. లెక్క కావాలంటే నెలకోసారి ఒకే వెలుతురులో పాపిట ఫొటో తీసుకో.

ఆస్పత్రికి తోడు కావాలంటే నేను వస్తాను. కనుబొమలు ఇప్పటికీ గీసుకుంటూనే ఉన్నాను. చెరిగితే చెప్పు, ఈసారి కసరను.

మీ పెద్దమ్మ