కళ్లద్దాల షాపులో కూర్చుంటే కంటి డాక్టరవుతాడా?

నల్గొండ నుంచి ఒకావిడ రాశారు. వాళ్లబ్బాయికి ఇంటర్ బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి గానీ నీట్‌లో సీటు రాలేదు. ఆవిడ తమ్ముడికి కళ్లద్దాల షాపుంది, "రెండేళ్లు నా దగ్గర కూర్చోబెట్టక్కా, కంటి డాక్టరయిపోతాడు" అంటున్నాడట. పంపమంటారా అని ప్రశ్న.

అమ్మా, రెండేళ్లు కాదు, ఇరవయ్యేళ్లు కూర్చున్నా కాడు. అలాగని మీ తమ్ముడి పనిని తక్కువ చేయడం లేదు. ఆప్టీషియన్ అంటే చీటీలో ఉన్న పవర్‌ను మన ముఖానికి సరిపోయేలా అద్దంగా మార్చే మనిషి. ముక్కు మీద స్కేలు ఆనించి రెండు కనుపాపల మధ్య దూరం కొలుస్తాడే, అసలు పనితనం అక్కడుంది. మైనస్ ఆరు పవర్ అద్దాన్ని రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి బిగిస్తే, పవర్ సరిగ్గానే ఉన్నా పెట్టుకున్నాయనకు సాయంత్రానికి తలనొప్పి. చత్వారం వచ్చినవాళ్లకు దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో కనిపించేలా చేసే ప్రోగ్రెసివ్ అద్దాలకైతే కనుపాప ఎంత ఎత్తులో ఉందో కూడా ఫ్రేమ్ మీద పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. ఇదంతా చేతిపని, షాపులోనే వస్తుంది.

ఆ చీటీ రాసేవాళ్లు వేరు, వాళ్లను ఆప్టోమెట్రిస్టులంటారు. అది కావాలంటే ఇంటర్ తర్వాత బి.ఆప్టమ్ డిగ్రీ, నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. చీకటి గదిలో రెటినోస్కోప్ వెలుగు కంట్లోకి వేసి, అటూ ఇటూ కదిపి, ఆ మెరుపు కదలడం ఆగేదాకా అద్దాలు మార్చుకుంటూ పోతారు, అక్షరాలు చదవలేని పసిపిల్లలకు కూడా పవర్ అలాగే కనిపెడతారు. శుక్లాలు, నీటికాసుల లాంటి అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపడం కూడా వీళ్ల పనే, ఆపరేషన్ మాత్రం చేయరు. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఉచిత కంటి పరీక్షలకు కంటి వెలుగు శిబిరాలు పెట్టినప్పుడు పవర్ చూసి రాసింది ఎక్కువగా వీళ్లే. ఇక కంటి డాక్టరంటే ఎంబీబీఎస్, ఆపైన కంటి వైద్యంలో మూడేళ్ల ఎంఎస్. దానికి నీట్ దాటాల్సిందే, అడ్డదారి లేదు.

ఇంటర్‌తోనే త్వరగా ఉద్యోగం కావాలనుకుంటే హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు విజన్ టెక్నీషియన్లకు ఏడాది శిక్షణ ఇస్తారు, వాళ్ల పల్లె కేంద్రాల్లో ఉండేది వీళ్లే.

నన్నడిగితే మీవాడికి బి.ఆప్టమ్. చదివొచ్చాక మామ షాపు ఎక్కడికీ పోదు, వెనక గదిలో పరీక్ష, ముందు అద్దాలు, ఇద్దరూ కలిసి నడుపుకోవచ్చు. అమెరికా ఆశ ఉంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ ఆప్టోమెట్రిస్టు అంటే డిగ్రీ తర్వాత ఇంకో నాలుగేళ్ల ఓడీ చదువు, మన బి.ఆప్టమ్‌తో దిగి నేరుగా ప్రాక్టీస్ పెట్టడం కుదరదు. ఈ సంగతి కాలేజీ బ్రోషర్లలో వెతికినా కనిపించదు.

కాలేజీకి వెళ్లినప్పుడు ల్యాబులు, బిల్డింగులు చూసి మురిసిపోకండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో, అక్కడ కుర్రాడు స్వయంగా రోజుకు ఎందరి కళ్లు చూస్తాడు, ఈ రెండే అడగండి. "అది తర్వాత చూద్దాంలెండి" అన్నారంటే ఫీజు కట్టకుండా వచ్చేయండి.