రెఫ్‌కౌంట్-టి వాడితే డ్రైవర్ స్లో అవుతుందా?

లైనక్స్ కెర్నెల్లో, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్‌లో, ఒక వస్తువుని ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టుకుంటారు. లెక్క సున్నా అయితే దాని మెమొరీని ఫ్రీ చేస్తారు, అంటే వదిలేస్తారు. ఆ లెక్క మామూలు అటామిక్-టి తో బాగానే నడుస్తుంటే, ఈ పనికోసమే చేసిన రెఫ్‌కౌంట్-టి కి మారడం దండగ కదా, డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్) స్లో అవదా అని అడిగినారు.

అవదు సామీ. పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు ఒక చిన్న చెక్ ఎక్కువ, అంతే. నా మీటర్ డ్రైవర్లో ఎవరైనా తేడా కనిపెడితే మోకాళ్లపర్వతమే కాదు, అలిపిరి నుంచే మోకాళ్ల మీద ఎక్కుతా.

2016లో కీరింగ్ (కెర్నెల్లో రహస్య కీలు దాచే భాగం) కోడ్‌లో బయటపడిన బగ్ చూడండి. 32 బిట్ల లెక్కని సుమారు 429 కోట్ల సార్లు పెంచితే తిరిగి సున్నాకొచ్చేది, వాడకంలో ఉన్న వస్తువే ఫ్రీ అయిపోయేది. 2017లో లైనక్స్ 4.11తో వచ్చిన రెఫ్‌కౌంట్-టి అయితే అలా తిరగదు, ఒకచోట బిగుసుకుపోతుంది. మెమొరీ లీకైతే అయింది, మిషను మాత్రం పరాయివాళ్ల చేతికి పోదు.

ఇక నా కథ. రేణిగుంట దగ్గర చిన్న కంపెనీలో చేసేటప్పుడు మా బోర్డులో 4.9 కెర్నెల్. రెండు మూడు రోజులకోసారి చచ్చేది, చచ్చినప్పుడల్లా వేరే చోట. పవర్ సప్లై బాగలేదని మేనేజరు మూడు అడాప్టర్లు మార్పించినాడు. మనవాళ్లకు ఏది చెడినా తప్పు కరెంటుదే.

5.10కి మారినప్పుడు మా డ్రైవర్లోని లెక్కను అటామిక్-టి నుంచి రెఫ్‌కౌంట్-టి చేసినా. ఆ రాత్రే లాగ్‌లో పడింది: 'అండర్‌ఫ్లో, యూజ్-ఆఫ్టర్-ఫ్రీ'. అంటే లెక్క సున్నా కిందికి పోయింది, వదిలేసిన మెమొరీని ఇంకా ఎవరో వాడుతున్నారు అని. ట్రేస్‌లో (ఆ క్షణాన ఏ ఫంక్షన్లు నడుస్తున్నాయో చూపే జాబితాలో) కనిపించింది జూనియర్ పిల్లోడు రాసిన క్లోజ్ ఫంక్షన్. పిలిచి చెడామడా తిట్టినా. పాపం రెండు రోజులు వెతికినాడు, ఏమీ దొరకలేదు.

నాకప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. కొండమీద గది ఖాళీ చేసేటప్పుడు అందరూ దిగినారనుకుని మా మామ తాళంచెవి ఇచ్చేసి డిపాజిట్ తెచ్చుకున్నాడు. అవ్వ ఇంకా బాత్‌రూమ్‌లోనే ఉంది. బయటికొస్తే గదిలో ఎవరో కొత్తవాళ్లు! కేకలు పెట్టింది అవ్వ, తప్పు మామది.

ఇక్కడా అదే. ట్రేస్‌లో పడేది చివర్లో తగ్గించబోయి సున్నా చూసినవాడి పేరు. ముందే ఒకటి అదనంగా తగ్గించిన దొంగ, కేబుల్ ఊడినప్పుడు నడిచే ఎర్రర్ దారి. అది రాసింది నేనే. ఫ్రీ అయిన మెమొరీ ఇంకొకరి చేతికి పోకముందే పట్టుబడింది కాబట్టి సరిపోయింది.

ప్యాచ్‌లో 'బగ్ రిపోర్ట్ చేసినవారు' అని ఆ పిల్లోడి పేరు పెట్టినా. సారీ మాత్రం ఇంకా చెప్పలేదు.