ఒబిహిరో నుంచి ఫురానోకి రైలు ఎందుకు కనిపించట్లేదంటే

జులైలో అమ్మానాన్నలతో జపాన్ ఉత్తర దీవి హొక్కైదోలో ఒబిహిరో నుంచి ఫురానో వెళ్దామంటే యాప్‌లో నేరుగా రైలే చూపించట్లేదని టెన్షన్ పడుతున్నారు కదండీ. పొరపాటు మీది కాదు. దారిలో ఉండే షింతోకు ఊరి నుంచి ఫురానో దాకా నడిచే రైలు 2024 మార్చి 31తో ఆగిపోయింది. ఒబిహిరో నుంచి అసహికావా వెళ్లే బస్సుల్లో కొన్ని ఫురానో మీదుగా పోతాయి, అవి చూడండి. సీటు ముందే బుక్ చేసుకోండి. తిరుగు ప్రయాణానికి అసహికావా వైపు రైలు ఉంది, గంటా పావు పడుతుంది.

ఫురానో ఊరు చిన్నదే, జనాభా సుమారు 20 వేలు. చుట్టూ కొండలు, మధ్యలో ఉల్లి, క్యారెట్, పుచ్చ జాతి మెలన్ తోటలు. అందరూ చెప్పే లావెండర్ తోట మాత్రం పక్క ఊరు నకాఫురానోలో ఉంది, పేరు ఫామ్ తోమితా. ప్రవేశం ఉచితం. అత్తరు నూనె కోసం వేసిన ఈ పంటకు 1970లలో గిరాకీ పడిపోయింది. 1976లో రైల్వే క్యాలెండర్‌లో ఈ తోట ఫొటో వచ్చాక జనం రావడం మొదలైంది. ఒక రైతు కుటుంబం పంట పీకేయకుండా పట్టుబట్టి నిలబెట్టుకున్న తోట ఇది, తీరిగ్గా చూడండి. జులై మధ్యలో పూత బాగుంటుంది.

జులై 28, 29 తేదీల్లో ఫురానోలో ఉంటే బొడ్డు పండుగ కూడా చూడొచ్చు. హొక్కైదోకి నడిబొడ్డు ఈ ఊరే మరి! పొట్టల మీద ముఖాలు గీసుకుని వీధుల్లో ఆడతారు.

అమ్మగారు శాకాహారి అన్నారు. కూరగాయల సూప్‌లో కూడా చేపల రసం ఉండొచ్చు, అడగకుండా తినొద్దు. ఫొటోల కోసం పొలాల్లోకి దిగకండి, అవి రైతుల సొంత భూములు.