పెద్ద కంప్రెసర్ కొంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది సుల్తానాబాద్ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ యంత్రానికీ, బాయిలర్ ఆవిరి కంట్రోల్ వాల్వులకూ ఒకే కంప్రెసర్ నుంచి గాలి వెళుతుంది. వానాకాలంలో వాల్వులు మొరాయిస్తున్నాయి. వాల్వు ఎంత తెరుచుకోవాలో సరిచూసే పొజిషనర్‌ను విప్పితే నీళ్లు, తుప్పు కనిపిస్తున్నాయి. ఇంకా పెద్ద కంప్రెసర్ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా?
– ఒక పాఠకుడు, పెద్దపల్లి జిల్లా

జవాబు: తీరదు. మీకు గాలి చాలకపోవడం కాదు, గాలితో పాటు నీరు రావడం సమస్య. కంప్రెసర్ పెద్దదైతే నీరూ ఎక్కువే వస్తుంది.

30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అలాంటి ఎనిమిది ఘనపు మీటర్లను 7 బార్ పీడనానికి (అంటే వాతావరణ పీడనానికి పైన మరో 7 బార్) నొక్కితే ఒక్క ఘనపు మీటరవుతుంది. 40 డిగ్రీల దగ్గర అది 51 గ్రాములకు మించి ఆవిరిని పట్టి ఉంచలేదు గనుక దాదాపు 140 గ్రాములు కంప్రెసర్ గాలి నిల్వ ట్యాంకులోనే నీరై దిగుతాయి. ఆ నీటిని రోజూ వదిలేసినా పని పూర్తి కాదు. ట్యాంకు దాటిన గాలి గొట్టంలో మరో పది డిగ్రీలు చల్లబడగానే ఇంకో 20 గ్రాములు వదులుతుంది, అదే పొజిషనర్‌లోని సన్నని రంధ్రాలకు చేరుతుంది.

కాబట్టి ట్యాంకు తర్వాత డ్రయ్యర్ పెట్టండి. గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, అంటే డ్యూ పాయింట్, ఆ గొట్టాలు ఉన్నచోటి అతి తక్కువ ఉష్ణోగ్రత కన్నా కనీసం 10 డిగ్రీలు దిగువన ఉండాలన్నది నియమం. గాలిని చల్లబరిచి నీటిని తీసే రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ దాన్ని 3 డిగ్రీల వరకు తేగలదు. వెచ్చని బాయిలర్ షెడ్డులోని వాల్వులకు అది చాలు. ఆదిలాబాద్ చలిలో ఆరుబయట గొట్టాలు వేసేవారికి మాత్రం తేమను పీల్చే పదార్థంతో డ్యూ పాయింట్‌ను మైనస్ 40 డిగ్రీల దాకా దించే డెసికాంట్ డ్రయ్యరే మేలు.

సార్టెక్స్‌లో చెడ్డ గింజలను గాలితో ఊది తోసే ఎజెక్టర్లు గాలిని ఒక్కసారిగా లాగినప్పుడు వాల్వుల పీడనం పడిపోకుండా, డ్రయ్యర్ తర్వాత వాల్వులకు వేరే ట్యాంకు కేటాయించి, దాని ముందు గాలిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు బిగించండి. వాల్వుల వాడకం నిమిషానికి 200 లీటర్లనుకుంటే, కరెంటు పోయినా 500 లీటర్ల ట్యాంకు 7 నుంచి 4 బార్‌కు దిగడానికి ఏడు నిమిషాలకు పైగా పడుతుంది. ఆలోగా బాయిలర్‌ను సురక్షిత స్థితికి తెచ్చుకోవచ్చు.

మీరు చూసిన తుప్పు బహుశా జీఐ (జింకు పూత వేసిన ఇనుప) గొట్టానిదే. ఫిల్టర్ దాటాక రాగి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టమే వేయించి, ప్రతి శాఖనూ ప్రధాన గొట్టం పైభాగం నుంచే తీయించండి. అడుగు నుంచి తీస్తే నీటికి మనమే దారి చూపినట్టు. ప్రధాన గొట్టాన్ని వంద మీటర్లకు ఒక మీటరు వాలుతో వేయించి, పల్లంలో డ్రెయిన్ పెట్టించండి. 3–15 పీఎస్ఐ (పీడనం కొలత) గాలి సంకేతంతో పనిచేసే పొజిషనర్లకు, పీడనాన్ని తగ్గించి ఇచ్చే ఫిల్టర్ రెగ్యులేటర్‌తో 20 పీఎస్ఐ ఇస్తే చాలు. మిల్లుల్లో తరచూ జరిగేదే గనుక చెబుతున్నాను: యంత్రాల మీది తవుడు దులపడానికి ఈ లైను నుంచి గాలి తీయనివ్వకండి.